సుంకవివాదములలో నిరూపణభారము: ధ్వజమూలము మొదలు న్యాయస్థానము వరకు

కాకతీయ గణపతిదేవచక్రవర్తి క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఆంధ్రచరిత్ర పఠించినవారికెల్ల సుపరిచితమైనదే. తుపానుచే త్రోవ తప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ధనమును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, ప్రాణముకన్న ధనమే మిన్నయని సముద్రయానమునకు తెగించినవారియెడ దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును తాను కౢప్తశుల్కము తప్ప తక్కిన సర్వమును విడిచితిననియు ఆ రాజు అందు ప్రకటించెను. మన పాఠములలో దీనిని రాజకరుణకు నిదర్శనముగా చెప్పుట వాడుక. అది యుక్తమే. కాని ఆ శాసనము చివర నున్న సుంకపు పట్టికను విద్యార్థులు సాధారణముగా చదువక విడుతురు. నా యీ వ్యాసము ఆ పట్టికనుండియే పుట్టినది.

ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒకపాలు సుంకమని చెప్పి, పిమ్మట శాసనకర్త కొన్ని సరకులను వేరువేరుగా పేర్కొనెను. చందనమునకు తూకమును బట్టి సుంకము; పట్టుబట్టలకు మూటలను బట్టి; పోకలకు లక్ష లెక్కను బట్టి. కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, పగడములు మున్నగువానికి మాత్రము వెలను బట్టి, అనగా ఒక్కొక్క బంగారునాణెము వెలగల సరకునకు ఇంత యని. తూకమునకు త్రాసు కలదు. లెక్కకు వ్రేళ్లు కలవు. మూటలు కంటికి కనబడును. ముత్యపు వెలకు సాక్షి యెవరు? వర్తకుడు పది యనును. సుంకరి యిరువది యనును. ఇద్దరిలో ఎవరు తమ మాటను నిలువబెట్టవలెను? నిలువబెట్టలేనిచో ఎవరి మాట ఓడిపోవలెను? శిల దీనికి సమాధానము చెప్పదు.

సమాధానము చెప్పకుండుట శాసనకర్త పొరపాటని నేను తలంపను. మన ప్రాచీనులు ఈ ప్రశ్నను ప్రశ్నగానే ఎత్తకుండునట్లు ఏర్పాటులు చేసికొనిరి. అది న్యాయస్థానమునకు ఎక్కదగిన వివాదముగా మారుట మిక్కిలి ఆధునికమైన విషయము. ఈ మార్పు ఎట్లు జరిగినదో చూపుటయే యిచట నా ఉద్దేశము.

ముందుగా రెండు మాటల వివరణ అవసరము. సుంకమన్నది సంస్కృత శుల్కశబ్దమునకు ప్రాకృతముద్వారా వచ్చిన తద్భవము. దానిని వసూలుచేయువాడు సుంకరి. సుంకరివద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అను సామెత ఆ యుద్యోగియెడ జనులకుండిన భావమును తెలుపుచున్నది. ఇక నేడు న్యాయవాదులు నిరూపణభారమని వ్యవహరించు దానికి ధర్మశాస్త్రములలో క్రియ యని పేరు. సాక్షులు, లేఖ్యము, భుక్తి మొదలగు సాధనములచే తన మాటను సిద్ధింపజేయుట క్రియ. అది ఎవరిపై పడునో నిర్ణయించుట ధర్మాసనము యొక్క తొలిపనులలో నొకటి.

కౌటిలీయార్థశాస్త్రమునందలి శుల్కాధ్యక్షప్రకరణము ఈ విషయమున మనకు లభించు పూర్ణమైన ప్రాచీనవర్ణన. ఆ గ్రంథకాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు పెక్కులు కలవు. మన ప్రస్తుతవిషయమునకు వానితో పనిలేదు. నగరమహాద్వారమునకు సమీపమున, తూర్పునకో ఉత్తరమునకో అభిముఖముగా, శుల్కశాలను నిర్మించి ధ్వజమును నాటవలెను. నలుగురైదుగురు ఆదాయకులు వర్తకులెవరు, ఎచటినుండి వచ్చిరి, ఎంత సరకు తెచ్చిరి, తొలిముద్ర ఎచట పడినది యను వివరములు వ్రాసికొనవలెను. ముద్రలేని సరకునకు రెట్టింపు సుంకము, దొంగముద్రకు సుంకమునకు ఎనిమిది రెట్లు దండము. ఇంతవరకు నేటి రేవు కార్యాలయములలో జరుగు దానికి ఇది దూరము కాదు.

అసలు విశేషము దీని తరువాత నున్నది. వర్తకుడు ధ్వజమూలమున నిలిచి తన సరకు ఇంత, దాని వెల యింత, కొనువారెవరని ముమ్మారు చాటవలెను. అడిగినవారికి ఆ వెలకే సరకు నీయవలెను. కొనువారు పోటీపడి వెల పెంచినచో, పెరిగిన భాగము సుంకముతోపాటు కోశమునకు చేరును. సుంకభయముచే పరిమాణమునుగాని వెలనుగాని తగ్గించి చెప్పినవానినుండి ఆ యధికభాగమును రాజు గైకొనును. లేదా వాడు సుంకమునకు ఎనిమిది రెట్లు చెల్లించును. మఱొక వర్తకుడు కొనిపోవునను భయముతో ఉన్న వెలకన్న హెచ్చు చెప్పినచో ఆ హెచ్చును రాజు గైకొనును, లేక సుంకము రెట్టింపగును.

ఈ యేర్పాటులోని నేర్పును కొంచెము నిలిచి చూడవలెను. పైదేశమునుండి వచ్చు సరకునకు సాధారణముగా వెలలో అయిదవపాలు సుంకమని తరువాతి అధ్యాయము చెప్పుచున్నది. నూఱు పణముల సరకును అరువది యని చెప్పిన వర్తకునకు సుంకములో ఎనిమిది పణములు మిగులునన్న యాశ కలుగవచ్చును. కాని అరువదికి ఆ సరకు కొనిపోవుటకు ఎదుట పదిమంది సిద్ధముగా నుందురు. పోటీచే వెల నూఱునకు చేరినచో నలువది కోశమునకు పోవును. ఎనిమిదికి ఆశపడి నలువది పోగొట్టుకొనుటకు వణిజుడు మూర్ఖుడు కాడు. నూటయిరువది యని చెప్పినచో కొనువాడుండడు, సుంకము హెచ్చును. కావున తన సరకు వెలను నిజముగా చెప్పుటయే వానికి మేలు. ఇచట సుంకరి ఏమియు నిరూపింపనక్కఱలేదు, వర్తకుడును నిరూపింపనక్కఱలేదు. చెప్పిన మాట చెప్పినవానినే బంధించును. సరకే సాక్షి, సంతయే తీర్పరి.

ఈ ధ్వజమూలపు చాటింపునే నేటి వ్యాపారమూల్యపద్ధతికి, అనగా కొన్నవాడు అమ్మినవానికి నిజముగా చెల్లించిన ధరనే ప్రమాణముగా గొనుపద్ధతికి, మూలమని చెప్పుటకు ఎవరికైనను ఉత్సాహము కలుగవచ్చును. ఆ పోలిక నాకు సమ్మతము కాదు. నేటి పద్ధతి జరిగిపోయిన యొక అమ్మకమును గూర్చి పత్రములద్వారా విచారించును. కౌటిల్యుని పద్ధతి అమ్మకమును ఎదుటనే జరిపించును. గడచినదానికి రుజువు కావలెను, కన్నులయెదుట జరుగుదానికి అక్కఱలేదు. రెండింటికిని గల దూరమంతయు ఇందులోనే యున్నది.

ధ్వజమూలమున సాగని సరకులును కలవు. శంఖములు, వజ్రములు, మణులు, ముత్యములు, పగడములు, హారములు మొదలగువాని విషయమున ఆ విద్య నెఱిగినవారిచేత, పనితనము, పరిమాణము, పట్టిన కాలము, కూలి, ఫలము విచారింపజేసి సుంకము కట్టవలెనని అర్థశాస్త్రము విధించుచున్నది. ఒకదానినిబోలి మఱొకటి యుండని వస్తువునకు సంతలో ధర యేర్పడదని ఆ రచయిత గుర్తించెను. మోటుపల్లి పట్టికలో వెలనుబట్టి సుంకము పడినవి చాలవఱకు ఈ జాతి సరకులే యగుట గమనింపదగినది.

మనుస్మృతి ధ్వజము మాట ఎత్తనే లేదు. శుల్కస్థానములయందు కుశలులై సర్వపణ్యములను ఎఱిగినవారు వెల కట్టవలెను, అందు ఇరువదవ పాలు రాజు గైకొనవలెను అని ఎనిమిదవ అధ్యాయము. యాజ్ఞవల్క్యుడును రాజు వెల నిర్ణయించుటకు ప్రతిఫలముగా ఇరువదవ పాలే విధించెను. పరిమాణమును గూర్చి అబద్ధమాడువానికి, సుంకపుచోటును తప్పించుకొని పోవువానికి ఎనిమిది రెట్లు దండము ఉభయత్ర సమానము. సంతనుండి నిపుణునకు అధికారము మారినదన్నమాట. కాని నిపుణుని మాటపై వర్తకునకు అభ్యంతరమున్నచో ఏమి చేయవలెను? స్మృతులలో దానికి విధి కనబడదు.

ఈ శ్లోకములు యాజ్ఞవల్క్యమున వ్యవహారాధ్యాయములోనే, సంభూయసముత్థానప్రకరణమున ఉన్నవి గదా, వ్యవహారమే యగును గదా యని ఎవరైన అడుగవచ్చును. స్థానము వ్యవహారాధ్యాయమే, స్వరూపము మాత్రము వ్యవహారము కాదు. అందు అర్థి లేడు, ప్రత్యర్థి లేడు, భాషాపత్రము లేదు, ఉత్తరము లేదు. రాజునకు హక్కును, తప్పినవానికి దండమును చెప్పి ఊరకొన్నవి. అష్టాదశ వ్యవహారపదములలో రాజునకును వర్తకునకును సుంకమును గూర్చి కలుగు తగవు ఒకటిగా లెక్కింపబడలేదు. అర్థశాస్త్రమున ఈ విభాగము మఱింత స్పష్టము. శుల్కవిషయము రెండవదగు అధ్యక్షప్రచారాధికరణమున నున్నది. వివాదనిర్ణయము మూడవదగు ధర్మస్థీయమున నున్నది. ఒకటి ఉద్యోగుల పని, మఱొకటి ధర్మస్థుల పని.

ధర్మస్థుల యెదుట మాత్రము క్రియానియమము ఎంతో సూక్ష్మముగా పెంపొందినది. ప్రతివాది ఉత్తరము నాలుగు విధములు: ఒప్పుకొనుట, మిథ్య యని కాదనుట, నిజమేగాని దానికొక కారణము కలదనుట, ఇంతకుముందే ఈ తగవు తీరినదనుట. ఒప్పుకొన్నచోట క్రియయే లేదు. మిథ్యోత్తరమున క్రియ పూర్వవాదిపై పడును. కారణోత్తరమునను ప్రాఙ్న్యాయోత్తరమునను ప్రతివాదిపై పడును. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో అర్థి యను పదమునకు చెప్పిన వివరణము మఱింత గొప్పది: సాధ్యమైన విషయము ఎవనిదో వాడే అర్థి, కావున కారణము చెప్పిన ప్రతివాది ఆ మేరకు తానే అర్థియై తన కారణమును నిరూపింపవలెను. భారము మనిషిని కాక మాటను అంటియుండునని దీని సారము.

ఈ మితాక్షరనే పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతనయే యీతడు. గణపతిదేవుని మోటుపల్లి శాసనమును అదే శతాబ్దిది. ఒకే తెలుగునేలపై, ఒకే నూఱేండ్లలో, క్రియానియమము పద్యమునకెక్కినది, సుంకనియమము శిలకెక్కినది. రెండును ఒకదానినొకటి పలుకరించుకొనలేదు. కేతన కావ్యమును ఛందోవ్యాకరణదృష్టితో చదువు మనము, ఆ గ్రంథము ఏ వివాదములకు వర్తించినది, ఏవి దానికి వెలుపల నిలిచినవి యని అడుగుట తక్కువ.

మోటుపల్లిలో రాజు చేసినదేమి? వెల వివాదమును తీర్చు న్యాయమును ఏర్పఱుపలేదు. వివాదమునకు చోటును కుదించెను. కౢప్తశుల్కమనగా ముందుగా నిర్ణయింపబడిన సుంకము. తూకము, మూట, లెక్క యను ఆధారములు హెచ్చిన కొలదియు సుంకరి నోటికి పని తగ్గును. 1358లో అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో వేయించిన శాసనమును ఈ దారిలోనిదే. సంతులేక మరణించిన వర్తకుని సొత్తును రాజు గైకొను అపుత్రికదండమును ఆతడు మాన్పెను. వచ్చిన వర్తకులు తమకు ఇష్టమైనప్పుడు పోవచ్చుననెను. కుమారగిరిరెడ్డికి దేశాంతరవస్తువులను తెప్పించిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినపుడు పేర్కొన్న సింహళపు ఏనుగులు, హురుముంజి గుఱ్ఱములు, చీనాంబరములు ఇట్టి రేవులద్వారా వచ్చినవే కావలెను. ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగమునను రేవులను వృద్ధిపఱుపవలెననియు, గుఱ్ఱములు ఏనుగులు తెచ్చు పరదేశివణిజులకు లాభము కలుగునట్లు చూచి ఆదరింపవలెననియు ఉన్నది. లేనిచో ఆ గుఱ్ఱములు శత్రువును చేరునని రాయల భయము. వర్తకుని తన రేవునకు రప్పించుకొనుటయే ముఖ్యమైన కాలమున రుజువులకై పట్టుపట్టు రాజు నష్టపోవును.

వెల ప్రశ్నను పూర్తిగా త్రోసివేయుటకు మఱొక దారియు మన తీరమున కనబడుచున్నది. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఆంగ్లవర్తకసంఘమునకు ఇచ్చిన బంగారు ఫర్మానా ప్రకారము వారు ఏడాదికి 500 వరహాలు చెల్లించి ఆ రాజ్యపు రేవులలో స్వేచ్ఛగా వర్తకము చేసికొనవచ్చును. ఎంత సరకు, ఏ వెల, అను మాటయే లేదు. సుంకరికి సుఖము, వర్తకునకు అంతకన్న సుఖము. వర్తకము పెరిగిన కొలది నష్టపడునది కోశమే.

ఇక ఆధునికకాలమునకు వత్తము. సీ కస్టమ్సు ఆక్టు అను పేర 1878లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన చట్టము 1963 వరకు మన రేవులన్నింటను అమలులో నుండెను. అందలి 30వ సెక్షను వాస్తవమూల్యమును నిర్వచించినది: అదే జాతి, అదే గుణము గల సరకు దిగుమతి కాలమున, దిగుమతి స్థలమున, టోకున, రొక్కమునకు అమ్ముడుపోవు లేక అమ్ముడుపోగల ధర. అది తెలియనిచో సరకును అచటికి చేర్చుటకు అగు వ్యయము. టోకు రొక్కపు ధర యను ఆ మాటల అర్థమునకై వాక్యూమ్ ఆయిల్ కంపెనీ 1932లోను, ఫోర్డు మోటారు కంపెనీ 1938లోను లండనులోని ప్రీవీ కౌన్సిలు వఱకు పోయినవి.

నాకు అంతకన్న ఆసక్తికరమైనది 32వ సెక్షను. వర్తకుడు దాఖలుచేసిన వెల తక్కువయని తోచినచో సుంకాధికారి సరకును ఆపి, తన యంచనాను వ్రాతమూలకముగా తెలుపవలెను. కలెక్టరు రెండు పనిదినములలో, లేదా ఉభయులు ఒప్పుకొన్న గడువులో, సరకును విడుచుటయో, వర్తకుడు చెప్పిన వెలనే వానికి చెల్లించి ప్రభుత్వమునకై ఉంచుకొనుటయో నిర్ణయింపవలెను. ఇది ధ్వజమూలము కాదా! బయటి కొనుగోలుదార్లకు బదులు రాజే కొనువాడైనాడు. అరువదియని చెప్పితివి, ఇదిగో అరువది, సరకు మాది. ఆ సెక్షను వ్రాసినవారు ఇంగ్లండులోని పూర్వాచారమును అనుసరించిరేగాని కౌటిల్యుని చదివి యుండరు. అర్థశాస్త్రము ప్రకటింపబడినదే 1909లో. ఒకే చిక్కు రెండుదేశములలో ఒకే యుపాయమును పుట్టించినది. రుజువు దొరకని చోట మాటను మాట చెప్పినవానికే కట్టివేయుట ఆ యుపాయము.

1962వ సంవత్సరపు కస్టమ్సు చట్టమున ఈ యుపాయమునకు చోటు దొరకలేదు. వెల తగవు పూర్తిగా పత్రముల తగవు, కాబట్టి రుజువుల తగవు అయినది. 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పు రెండు సూత్రములు దానికి ఆధారము. ఒక విషయమున్నదని చెప్పి హక్కు కోరువాడు దానిని నిరూపింపవలెనని 101వ సెక్షను. ఒకని ప్రత్యేకజ్ఞానమునందు మాత్రమే యున్న విషయమును నిరూపించు భారము వానిదేయని 106వ సెక్షను. సుంకాధికారి మొదటిదానిని మఱచి రెండవదానినే పట్టుకొనుటకు ఎల్లప్పుడు ఆశపడును. అమ్మినవానికిని తనకును నడుమ ఏమి జరిగినదో వర్తకునకే తెలియును గదా!

ఈ యాశను మొదట గట్టిగా అడ్డినవారు తెలుగువారే. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర ఉన్నతన్యాయస్థానమునకు ప్రధానన్యాయమూర్తియై, పిదప భారత ప్రధానన్యాయమూర్తి పదవి నధిష్ఠించిన కోకా సుబ్బారావుగారు 1960లో సుప్రీంకోర్టున ఒక తీర్పు చెప్పిరి. రాజస్థాను సరిహద్దుపట్టణమైన బార్మేరులో ఒకని యింట దొరికిన బంగారము మున్నగు వస్తువులు దొంగతనముగా దేశములోనికి తేబడినవని సుంకశాఖవారి ఆరోపణ. దేశవిభజన సమయమున తనతో తెచ్చుకొన్నవని వాని సమాధానము. 106వ సెక్షనును అడ్డుపెట్టుకొని శాఖవారు తమ భారమును వదలించుకొనజాలరనియు, అట్లు చేసినచో నిర్దోషి తన నిర్దోషిత్వమును తానే నిరూపింపవలసివచ్చుననియు ఆ తీర్పు సారాంశము. అది అక్రమరవాణాకు సంబంధించినదేగాని మూల్యవివాదము కాదు. ఈ రెంటిని కలిపివేయుట సరికాదు. అయినను తరువాతి మూల్యవివాదములలో వినిపించిన న్యాయము మూలమున ఇదే.

శాసనసభవారు ఇంతకుముందే వేఱొక దారి త్రొక్కియుండిరి. 1955లో పాతచట్టమునకు 178-ఏ సెక్షను చేర్చి, బంగారము మొదలగు కొన్ని వస్తువులు అక్రమరవాణా సరకులని సహేతుకముగా నమ్మి పట్టుకొన్నపుడు, కావని నిరూపించు భారము పట్టుబడినవానిదే యని విధించిరి. అది రాజ్యాంగవిరుద్ధము కాదని 1961లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. 1962 చట్టములోని 123వ సెక్షను దాని వారసుడు. వెల విషయమున మాత్రము ఇట్టి తలక్రిందుల విధిని ఆ సెక్షను చేయలేదు. 1974లో మద్రాసు సుంకకలెక్టరు అప్పీలులో న్యాయమూర్తి సర్కారియాగారు మధ్యేమార్గమును చూపిరి: భారము శాఖదే, కాని గణితమువలె ఖచ్చితముగా నిరూపింపనక్కఱలేదు, వివేకి నమ్మదగిన సంభావ్యతను చూపినచో చాలును, అటుపిమ్మట తనకు మాత్రమే తెలిసిన విషయమును దాచినవాడు దాని ఫలమును అనుభవింపవలెను. మిథ్యోత్తర కారణోత్తరములకు గల భేదమునే యిది వేఱు మాటలలో చెప్పుచున్నదని నా నమ్మకము.

భారము ఎవరిదన్న ప్రశ్నకు సమాధానము మూల్యమును ఎట్లు నిర్వచింతుమన్న దానిమీద ఆధారపడును. ఇది విద్యార్థులు తఱచు తప్పిపోవు మెలకువ. 1962 చట్టపు 14వ సెక్షను మొదట మూల్యమును ఊహామూల్యముగా నిర్వచించినది: పరస్పరసంబంధము లేని విక్రేత, క్రేతల నడుమ అంతర్జాతీయవ్యాపారమున అట్టి సరకు సాధారణముగా అమ్ముడుపోవు ధర. అట్లయినపుడు ఈ వర్తకుడు నిజముగా ఎంత చెల్లించెనన్నది ముఖ్యము కాదు. వాని యిన్వాయిసు పలుసాక్ష్యములలో ఒక సాక్ష్యము మాత్రమే. 1988లో అంతర్జాతీయ సుంకమూల్య ఒప్పందమునకు అనుగుణముగా నియమావళి వచ్చినది. 2007లో 14వ సెక్షనే మాఱి, నిజముగా చెల్లించిన లేక చెల్లింపవలసిన ధరయే మూల్యమైనది. నాటినుండి ఇన్వాయిసు ఆరంభబిందువు. దానిని కదల్పగోరువాడు కారణము చూపవలెను. భారమును గూర్చి చట్టమున ఒక్క మాటయు వ్రాయకయే నిర్వచనము మార్చుటచేత భారము చేయి మాఱినది.

2000లో తీర్పు వచ్చిన ఐషర్ ట్రాక్టర్సు కేసు దీనికి మంచి యుదాహరణము. 1989లో తయారై నిలువయున్న బేరింగులను ఆ కంపెనీ 1993లో జపానునుండి తెప్పించినది. పాతసరకగుటచే అమ్మినవారు జాబితాధరపై నూటికి 77 వంతులు తగ్గించిరి. ఇంత తగ్గింపు నమ్మశక్యము కాదని శాఖవారు జాబితాధరనే మూల్యముగా గొనిరి. సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు. జాబితాధర అమ్మువాని కోరికకు గుర్తుగాని జరిగిన అమ్మకమునకు రుజువు కాదనియు, నియమములలో చెప్పిన మినహాయింపులు ఉన్నట్లు చూపనిదే చెల్లించిన ధరను త్రోసివేయరాదనియు నిర్ణయించినది. వర్తకుని మాట కారణోత్తరమే: ధర తక్కువయన్నది నిజము, సరకు పాతదగుట దానికి కారణము. ఆ కారణమును ఆతడు చూపెను. దానిని కాదనుటకు ఎదుటివారివద్ద ఏమియు లేకపోయెను.

2007లో సౌత్ ఇండియా టెలివిజన్ కేసున న్యాయమూర్తి కపాడియాగారు ఇంకను స్పష్టముగా చెప్పిరి. ఇన్వాయిసుపై అనుమానము వెలిబుచ్చినంత మాత్రమున అది చెల్లనిది కాదు. తక్కువ వెల చూపుట నిరూపింపబడవలెను. అదే కాలమున అట్టి సరకే హెచ్చుధరకు దిగుమతియైనదని చూపుట దానికి దారి. అమ్మినవాడు తన దేశపు రేవులో సమర్పించిన ఎగుమతిపత్రముల నకళ్లను అందు శాఖవారు ఆధారముగా చూపిరి. ఆ నకళ్లు ధ్రువీకరింపబడలేదు. పైగా తన ప్రభుత్వమునుండి ప్రోత్సాహకములు పొందుటకై ఎగుమతిదారు వెల పెంచి చూపుటయు కలదని న్యాయస్థానము గుర్తించినది. ఒక రేవులో సుంకభయముచే తగ్గు వెల, మఱొక రేవులో లాభాపేక్షచే పెరుగును. తగ్గించుటకును హెచ్చించుటకును వేఱువేఱు దండములు విధించిన కౌటిల్యుడు ఈ మాటకు ఆశ్చర్యపడియుండడు.

అయినను పూర్వపక్షము బలహీనమైనది కాదు. కల్పిత ఇన్వాయిసులు లేవని ఎవరును చెప్పజాలరు. సముద్రమునకు ఆవల జరిగిన బేరమునకు ఇచట రుజువు తెమ్మని సుంకాధికారిని నిర్బంధించుట అసాధ్యమును కోరుటయే యగును. ఈ యిబ్బందిని గుర్తించియే 1994 నాటి మరాకేషు సమావేశమున ప్రత్యేకముగా ఒక నిర్ణయము గావింపబడినది. దాని ననుసరించి మన నియమావళిలో 1998లో 10-ఏ నియమమును, 2007లో 12వ నియమమును వచ్చినవి. చూపిన వెల సత్యమా యని సందేహించుటకు కారణమున్నచో అధికారి మఱిన్ని పత్రములు అడుగవచ్చును. వచ్చిన పిమ్మటను సహేతుకమైన సందేహము మిగిలినచో ఆ వెలను త్రోసివేయవచ్చును. ఇచట నిరూపణ యను పదమునకు బదులు సందేహమను పదము కూర్చుండినది. సందేహమునకు రుజువంత బరువు లేదు. కాని సందేహమును రేకెత్తించిన కారణము అధికారి చేతిలో నుండవలెను. గుర్తింపబడిన కొన్ని సరకుల విషయమున దిగుమతిదారే అదనపు వివరములు సమర్పింపవలెనని 2023 ఫిబ్రవరిలో వచ్చిన నియమములు భారమును మఱికొంత వర్తకునివైపు జరిపినవి.

అర్థశాస్త్రమున ఒక చిత్రమైన విధి కలదు. వర్తకవేషమున నున్న చారుడు దారిలోని బిడారు పరిమాణమును ముందుగా రాజునకు తెలుపవలెను. రాజు దానిని శుల్కాధ్యక్షునకు చెప్పవలెను. అధ్యక్షుడు బిడారు రాగానే, ఇది ఫలానా వర్తకుని సారభాండము, ఇది ఫల్గుభాండము, దాచుటకు వీలులేదు, ఇది రాజు ప్రభావమని పలుకవలెను. రాజునకు సర్వజ్ఞుడను ప్రసిద్ధి కలుగుట దీని ప్రయోజనమని గ్రంథకర్త నిర్మొగమాటముగా చెప్పెను. ఆ సమాచారము ఎచటినుండి వచ్చినదో వర్తకునకు తెలియదు. తెలియకుండుటలోనే దాని బలమున్నది.

2019 మే నెలలో సెంచరీ మెటల్ రీసైక్లింగు కేసున సుప్రీంకోర్టు విచారించినది ఇట్టి సర్వజ్ఞత్వమునే. అల్యూమినియపు తుక్కును దిగుమతి చేసికొన్న కంపెనీ చూపిన వెలను శాఖవారు నిరాకరించిరి. లండను లోహవిపణి ధరలోనుండి నూటికి ఇన్ని పాళ్లు తీసివేసి మూల్యము కట్టవలెనని పైకార్యాలయమునుండి వచ్చిన హెచ్చరికయే వారికి ఆధారము. ఈ ప్రత్యేకమైన సరకు విషయమున, ఈ ప్రత్యేకమైన బేరము విషయమున సందేహమునకు కారణమేమో అధికారి తెలుపవలెననియు, ఆ కారణమును దిగుమతిదారునకు తెలియజేసి సమాధానము చెప్పుకొను అవకాశమీయవలెననియు న్యాయస్థానము చెప్పి, ఆ యుత్తరువును కొట్టివేసినది. సాక్ష్యచట్టము స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున పూర్వపు 101వ సెక్షను 104వదిగాను, 106వ సెక్షను 109వదిగాను నిలిచియున్నవి.